ముప్పై ఐదు డిగ్రీల కుప్ప

అది 2007వ సంవత్సరం. బళ్లారి ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నేను లెక్కలు చెప్పేదాన్ని. ఇనుప ఖనిజం గిరాకీ మంచి ఊపు మీదున్న రోజులు. కాలేజీ ముందు రోడ్డు మీద తెల్లవారింది మొదలు టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉండేవి. క్లాసులో కిటికీ తెరిస్తే ఎర్రదుమ్ము, మూస్తే ఉక్కపోత. నేను మూయించేదాన్ని. ఉక్కపోతకు నిద్రపోయేవాణ్ని లేపొచ్చు కానీ, టిప్పర్ల మోతలో నా మాట నాకే వినపడేది కాదు. నా గొంతు చిన్నదని అనుకోకండి. బళ్లారి కౌల్ బజార్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆ సందుల్లో ఆటోల హారన్ల మధ్య మాటలు నేర్చుకున్న గొంతు ఇది.

ఆ ఏడాది మొదటి సెమిస్టర్ క్యాలిక్యులస్‌కు కంప్యూటర్ ల్యాబ్‌ను జతచేశారు. అందులో వాడేది కంప్యూటర్ ఆల్జీబ్రా సిస్టమ్ అనే రకం సాఫ్ట్‌వేర్. తెలియనివారికోసం రెండు మాటల్లో చెబుతాను. మామూలు క్యాలిక్యులేటర్‌కు అంకెలే తెలుసు. దీనికి అక్షరాలు కూడా తెలుసు. ఎక్స్ స్క్వేర్‌ను డిఫరెన్షియేట్ చెయ్యమంటే టూ ఎక్స్ అంటుంది. మనం పేజీన్నర కుస్తీపట్టి, మధ్యలో ఎక్కడో ఒక మైనస్‌ను పోగొట్టుకుని తేల్చే ఇంటిగ్రల్‌ను రెప్పపాటులో చేసి పెడుతుంది.

మొదట్లో నాకు ఒళ్లు మండింది. ఇంటిగ్రేషన్ చేత్తో చెయ్యడం రాని పిల్లలకు మిషన్ ఇచ్చి ఇంటిగ్రేట్ చెయ్యమంటే ఇక నేనెందుకు అని మా హెచ్‌ఓడీతో గట్టిగానే వాదించాను. ఆయన నవ్వి, సిలబస్‌లో ఉంది కాబట్టి చెప్పాలమ్మా అన్నారు. సిలబస్ అనే మాటకు మా వృత్తిలో తిరుగులేదు. సరే అని మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, నెల తిరిగేసరికి నాకే ఇష్టమైంది. ఆల్జీబ్రా దగ్గరే కాళ్లు విరగ్గొట్టుకుని కూర్చునే పిల్లలు, ఆ భారం మిషన్ మీద పడేసి, అసలు ఈ ఇంటిగ్రల్ దేన్ని కొలుస్తుంది అని అడగడం మొదలుపెట్టారు. అన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఒక్క చిక్కు మాత్రం వదలలేదు. మా పిల్లలు హైస్కూల్ నుంచీ కోణాన్ని డిగ్రీల్లోనే చూసినవాళ్లు. వాళ్ల క్యాలిక్యులేటర్లు కొన్న రోజు ఏ మోడ్‌లో ఉన్నాయో పాతబడి పారేసే రోజుకూ అదే డిగ్రీ మోడ్‌లో ఉండేవి. ఈ సాఫ్ట్‌వేర్‌కేమో డిగ్రీల ఊసే పట్టదు. కోణాన్ని రేడియన్లలో తీసుకుంటుంది. రేడియన్ అంటే కోణాన్ని కొలిచే ఇంకో కొలత. నూట ఎనభై డిగ్రీలు పై రేడియన్లకు సమానం. ఇదంతా బోర్డు మీద రాశాను, అరిచి చెప్పాను, కింద గీత కూడా గీశాను. అందరూ తలలూపారు. తలూపడంలో మా పిల్లల్ని మించినవాళ్లు ఎక్కడా ఉండరు.

ఆ క్లాసులో రేణుక అనే అమ్మాయి ఉండేది. తోరణగల్లు దగ్గర కూరెకుప్ప నుంచి బస్సులో వచ్చేది. తండ్రి పేరు వన్నూరప్ప. కప్పగల్లుకు చెందిన ఒక రెడ్డిగారు కూరెకుప్ప పక్కన పొలం చదును చేయించి ఖనిజం నిలవచేసే స్టాక్‌యార్డు పెట్టుకున్నారు. దానికి కాపలా, అజమాయిషీ అంతా వన్నూరప్పదే. రేణుకకు మాటలు తక్కువ, పని ఎక్కువ. ల్యాబ్‌లో కీబోర్డు మీద దుమ్ము తుడిచి గానీ కూర్చునేది కాదు. అలాంటి పిల్లలంటే నాకు పక్షపాతం. దాచుకోను.

నవంబరులో వాల్యూమ్ ఆఫ్ రివల్యూషన్ పాఠం వచ్చింది. ఒక గీతను ఇరుసు చుట్టూ తిప్పితే ఏర్పడే ఆకారం ఘనపరిమాణాన్ని ఇంటిగ్రేషన్‌తో కట్టడం అన్నమాట. వాలుగీతను తిప్పితే శంకువు ఆకారం వస్తుంది. పుస్తకంలో లెక్కలు చేసి చేసి పిల్లలకు మొహం మొత్తింది. మీ ఇంటి దగ్గర గుండ్రటి వస్తువు దేన్నైనా కొలిచి, దాని ఘనపరిమాణాన్ని సాఫ్ట్‌వేర్‌తో కట్టి తీసుకురండి అని చెప్పాను. చెంబులు, గంగాళాలు, నీళ్ల ట్యాంకులు వచ్చాయి. ఒకడు వాళ్ల తాత తలపాగా కొలుచుకొచ్చాడు. రేణుక మాత్రం అసైన్‌మెంట్ ఇవ్వలేదు. వారం రోజులు కాలేజీకే రాలేదు.

తర్వాతి శనివారం పొద్దున స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇన్నాళ్లు ఏమైపోయావని కేకలేద్దామని నోరు తెరిచినదాన్ని, ఆ మొహం చూసి మూసుకున్నాను. ఆ పిల్లకు టీసీ కావాలట. చదువు మానేస్తుందట. ఎందుకే అన్నాను. తల దించుకునే చెప్పింది.

“మా నాయన దొంగతనం చేసినాడు మేడమ్.”

కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ఒక్కొక్కటిగా అడిగాను. జరిగింది ఇది. అసైన్‌మెంట్ కోసం రేణుక, తండ్రి కాపలా కాసే యార్డులోని ఖనిజం కుప్పనే ఎంచుకుంది. లోడర్‌తో గుండ్రంగా ఎత్తిపోసిన ఒకే ఒక్క పెద్ద కుప్ప. ఎక్కితే జారుతుందని తండ్రి ఎక్కనివ్వలేదు కాబట్టి ఎత్తు కొలవలేదు. కుప్ప అడుగు చుట్టూ తాడు పరిచి చుట్టుకొలత తీసింది. వాలు సంగతి యార్డులో పనిచేసేవాళ్లను అడిగింది. ఖనిజాన్ని ఎంత పోసినా కుప్ప ఒక వాలు దగ్గరే నిలుస్తుంది, అంతకన్నా నిటారుగా పోస్తే జారిపోతుంది. దాన్ని యాంగిల్ ఆఫ్ రిపోజ్ అంటారు. ఆ ఖనిజానికి ముప్పై ఐదు డిగ్రీలు అని చెప్పారు. చుట్టుకొలత, వాలు రెండూ ఉంటే చాలు, కుప్ప ఘనపరిమాణం కట్టొచ్చు. రేణుక కట్టింది. ప్రింట్ తీసి ఇంట్లో చూపించింది.

వన్నూరప్పకు చదువు లేదు. కానీ కూతురు తన యార్డు కుప్పను కంప్యూటర్‌లో కట్టి తెచ్చిందంటే ఆయన కాలు నేల మీద నిలవలేదు. ఆ కాగితం తీసుకుపోయి డ్రైవర్లకు చూపించాడు, క్లీనర్లకు చూపించాడు, ఆఖరికి రెడ్డిగారు వస్తే ఆయన చేతిలోనూ పెట్టాడు. రెడ్డిగారు ఆ ఘనపరిమాణాన్ని టన్నుల్లోకి మార్చి, యార్డులోకి దిగిన సరుకుతో పోల్చి చూసుకున్నారు. మూడోవంతు సరుకు లేదు.

ఆ రోజుల్లో యార్డుల్లో సరుకు మాయం కావడం వింతేమీ కాదు. కాపలావాళ్లు డ్రైవర్లతో కలిసి లోడ్లు దాటించేవారని రోజూ వినేవాళ్లం. రెడ్డిగారు అందరి ముందూ నిలదీశారు. వన్నూరప్ప చేతులు కట్టుకుని, నా కాపలాలోనే పోయింటాది రెడ్డీ, తప్పు నాదే అన్నాడట. సోమవారం లోపల సరుకు ఎవరికి అమ్మాడో చెప్పకపోతే పోలీసు కంప్లైంట్ ఇస్తానని రెడ్డిగారు గడువు పెట్టారు.

“నువ్వు మీ నాయన్ని అడగలేదా?” అన్నాను.

“అడిగినా మేడమ్. నువ్వే తీసినావా నాయనా అని అడిగినా. లెక్కలో అట్ల వచ్చిందంటే అట్లే అయింటాది లేమ్మా అన్నాడు. కంప్యూటర్ తప్పు చెప్పదు గదా మేడమ్. ఇంగ నేనేం మొగం పెట్టుకొని కాలేజీకి వచ్చేది?”

తండ్రి ఒప్పుకున్నాడు, మిషన్ సాక్ష్యం చెప్పింది. ఆ పిల్లకు ఇంకేం కావాలి అనుమానించడానికి? నాకు మాత్రం ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. కంప్యూటర్ తప్పు చెప్పదు. నిజమే, చెప్పదు. అడిగినదానికే జవాబు చెబుతుంది. అడగడంలో తప్పుంటే దానికేం పూచీ లేదు. పద ల్యాబ్‌కు అన్నాను.

ఆ పిల్ల ఫైలు తెరిచింది. ఇంటిగ్రల్ చక్కగా వేసింది. లిమిట్స్ సరిగ్గా ఉన్నాయి. చుట్టుకొలత నుంచి వ్యాసార్థం తీసినదీ సరిగ్గానే ఉంది. వాలు దగ్గర టాన్ బ్రాకెట్‌లో ముప్పై ఐదు అని ఉంది. తప్పు నాకు అక్కడే కనపడింది. కానీ నేను చెప్పలేదు. ఆ పిల్లే చూడాలనుకున్నాను. ఇంత ఏడ్చిన పిల్లకు మేడమ్ చెప్పింది కాబట్టి మా నాయన దొంగ కాదు అనే ఊరట సరిపోదు.

“ఆ ఒక్కటీ విడిగా కొట్టు. టాన్ ముప్పై ఐదు ఎంతంటుందో చూద్దాం.”

కొట్టింది. తెర మీద సున్నా పాయింట్ నాలుగు ఏడు అని వచ్చింది.

“టాన్ ముప్పై ఎంత?”

“వన్ బై రూట్ త్రీ మేడమ్.” నిద్రలో లేపి అడిగినా చెబుతారు, పదో తరగతి నుంచీ పాటలా వల్లె వేసినదే.

“అంటే?”

“పాయింట్ ఐదు ఏడు.”

“ముప్పైకే పాయింట్ ఐదు ఏడు ఉంటే, ముప్పై ఐదుకు పాయింట్ నాలుగు ఏడు ఎట్లొస్తుందే తల్లీ? వాలు పెరిగితే టాన్ పెరగాలా, తగ్గాలా?”

రేణుక తెర వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. డిగ్రీలను రేడియన్లుగా మార్చడానికి ముప్పై ఐదు పక్కన ఇంటూ పై బై నూట ఎనభై చేర్చి ఎంటర్ కొట్టింది. సున్నా పాయింట్ ఏడు. ఇంటిగ్రల్ మళ్లీ కట్టింది. మూడోవంతు తగ్గిన కుప్ప మొత్తం తిరిగొచ్చింది. ఆ పిల్ల టేబుల్ మీద తల పెట్టి ఏడ్చింది. నేను ఆపలేదు.

ఆ ఏడుపు అయ్యేలోపు నేను ఇంకో మిషన్ మీద కూర్చుని ఊరికే చూశాను. ముప్పై నాలుగు కొట్టి ఉంటే సాఫ్ట్‌వేర్ మైనస్ జవాబు ఇచ్చేది. ముప్పై ఆరు కొట్టి ఉంటే ఏడుకు పైన ఇచ్చేది, కుప్ప కాస్తా కొండయ్యేది. రెండింట్లో ఏది వచ్చినా ఎవరైనా నవ్వి, ఎక్కడో తప్పుందిలే అనేవాళ్లు. ఈ మూడింట్లో ముప్పై ఐదు ఒక్కటే పెద్దమనిషిలాగా నమ్మదగ్గ జవాబు ఇచ్చింది. పచ్చి తప్పు వస్తే మనం పట్టుకుంటాం. పొందికగా వచ్చిన తప్పే కొంప ముంచుతుంది. ఇన్ని కోణాలుండగా ఆ ఖనిజం సరిగ్గా ఆ ఒక్క కోణం దగ్గరే నిలవాలా అని నాకు దాని మీద కూడా కోపం వచ్చింది.

ఫోన్‌లో తేలే విషయం కాదని మధ్యాహ్నం బస్సుకు ఇద్దరం కూరెకుప్ప వెళ్లాం. యార్డులో రెడ్డిగారు ఉన్నారు. తెల్లటి చొక్కా, దాని మీద ఎర్రటి దుమ్ము. మర్యాదగా కుర్చీ వేయించారు, చల్లటి మజ్జిగ ఇప్పించారు. వన్నూరప్ప దూరంగా షెడ్డు దగ్గర నిలబడ్డాడు. పొడుగ్గా, బక్కగా ఉంటాడు. కూతురు నాతో ఎందుకు వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. నేను రేడియన్ల సంగతి విడమరిచి చెప్పాను. రెడ్డిగారు ఓపిగ్గా అంతా విని, మీసం తుడుచుకుని అన్నారు.

“మేడమ్, మీరు చదువుకున్నోళ్లు, మీ మాట కాదనేది లేదు. అయితే మొన్న ఇదే కంప్యూటర్ తక్కువ చెప్పె, ఈ పొద్దు ఎక్కువ చెప్తాండాది. మూడోతూరి అడిగితే ఇంగేం చెప్తాదో? వాళ్ల నాయన జైలుకు పోతాడని తెలిసినాంక లెక్క మారిందంటే ఎవురు నమ్ముతారు?”

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా స్టాఫంతా అంటారు. ఆ రోజు మాత్రం రాలేదు. ఎందుకంటే ఆయన అడిగింది సరైన ప్రశ్న. నా క్లాసులో అరవై మంది అడగని ప్రశ్న ఆయన అడిగారు. మిషన్ ఇచ్చిన జవాబును అదే మిషన్‌తో రుజువు చెయ్యలేం. కంప్యూటర్ వద్దు రెడ్డిగారూ, మీ చేతుల్తో మీరే కొలవండి అన్నాను.

అప్పటికి నాలుగు దాటింది. నవంబరు ఎండ బాగా వాలింది. కుప్ప నీడ అవతలి పక్క నేల మీద సాగి పడి ఉంది. పక్కనే ఒక గుంజ నిలబెట్టించాను. దాని ఎత్తు, దాని నీడ రెడ్డిగారే టేపు పట్టి కొలిచారు. తర్వాత కుప్ప అంచు నుంచి నీడ కొన దాకా కొలిచి, దానికి కుప్ప అడుగు వెడల్పులో సగం కలపమన్నాను. గుంజ ఎత్తుకు దాని నీడ ఎన్ని రెట్లో, కుప్ప ఎత్తుకు దాని నీడ అన్ని రెట్లే. గుంజ ఎత్తు తెలుసు కాబట్టి కుప్ప ఎత్తు తెలుస్తుంది. ఇది ఏడో తరగతి లెక్క. రెడ్డిగారు సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి తానే భాగించారు. వచ్చిన ఎత్తు, రేణుక దిద్దిన లెక్కలో ఎత్తుతో సరిపోయింది. అర అడుగు అటూఇటూ. పాత లెక్క ప్రకారమైతే ఆ కుప్ప ఇంకా చాలా పొట్టిగా ఉండాలి.

రెడ్డిగారు ఇంకోసారి కొలిచారు. ఇంకోసారి భాగించారు. తర్వాత టేపు చుట్టి డ్రైవర్ చేతికిచ్చి, షెడ్డు వైపు తిరిగారు. క్షమాపణలు చెప్పే అలవాటున్న మనిషి కాదు.

“వన్నూరప్పా, ఆడ సుమ్నే ఊరికే నిలబడుకోని ఏం చేస్తాండావప్పా? మేడమ్‌కు టీ చెప్పుపో. నాకూ చెప్పు, నువ్వూ తాగు.”

వన్నూరప్ప కదల్లేదు. నేను దగ్గరికి పోయి, లెక్కలో తప్పు దొరికిందనీ, కుప్ప సరిగ్గానే ఉందనీ, ఎవరూ ఆయన్ని ఏమీ అనరనీ చెప్పాను. ఆయన మొహంలో ఆశ్చర్యమే లేదు. అవునన్నట్టు తలూపి, రేణుక ఎక్కడుందో చూశాడు. ఆ పిల్ల యార్డు చివర కొళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. అప్పుడు నాకు అనుమానం వచ్చింది. నా గొంతు దానంతటదే తగ్గింది.

“ఏమప్పా, కుప్పలో సరుకు పోలేదని నీకు ముందే తెలుసా?”

“తెలుసు మేడమ్. రేయీ పగలూ ఈడనే ఉండేవాణ్ని, ఒక తట్ట పోయినా నాకు తెలీదా?”

“మరి చెయ్యని దొంగతనం ఎందుకు ఒప్పుకున్నావు?”

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“ఆ కాయితం ఊరంతా చూపించినోణ్ని నేనే గదా మేడమ్. మా పాప లెక్క చూడండప్పా అని చెప్పుకున్నోణ్ని. అంతమంది ముందర మా పాప లెక్క తప్పు అని నా నోటితో నేనెట్ల చెప్పేది? దొంగ అనిపించుకున్యా నాకేం కాదు. పాపకు సదువు రాలేదంటారు గదా.”

ఆయన టీ చెప్పడానికి వెళ్లిపోయాడు. ఆ టీ తాగానో లేదో కూడా నాకు గుర్తులేదు.

నన్ను బళ్లారి బస్సెక్కించడానికి రేణుక రోడ్డు దాకా వచ్చింది. మా నాయన మీతో ఏం చెప్పినాడు మేడమ్ అని అడిగింది. దాచుదామా అనుకున్నాను. కానీ ఈ పిల్ల వారం రోజులు తండ్రిని దొంగనుకుంది, ఆయన వారం రోజులు అనుకోనిచ్చాడు. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పేశాను. రేణుక ఏడవలేదు. అక్కణ్నుంచి యార్డు వైపు పరుగెత్తింది. నా బస్సు ఎప్పుడొచ్చిందో, నేను ఎక్కానో లేదో చూడలేదు. చూడనందుకు సంతోషించాను. సోమవారం పొద్దున ల్యాబ్‌లో తన చోట తను ఉంది.

ఆ తర్వాత ఎన్నో బ్యాచ్‌లకు ఆ సాఫ్ట్‌వేర్ నేర్పాను. నాకు దాని మీద కోపమేమీ లేదు, అది మంచి పనిముట్టు. కానీ నా ల్యాబ్‌లో ఒక నియమం పెట్టాను. ఎంటర్ కొట్టే ముందు, జవాబు సుమారుగా ఎంత రావాలో పిల్లలు చేత్తో రాయాలి. వచ్చిన జవాబును ఇంకో దారిలో ఒకసారి సరిచూడాలి. వాళ్లకు విసుగు. తప్పయితే మళ్లీ చేస్తాం కదా మేడమ్, ఎవరికేం నష్టం అంటారు. అప్పుడు టాన్ ముప్పై ఐదు సంగతి చెబుతాను. నవ్వుతారు. వన్నూరప్ప మాట కూడా చెబుతాను. అప్పుడెవరూ నవ్వరు.

మీ లెక్కను నమ్మేవాళ్లలో రెండు రకాల వాళ్లు ఉంటారు అని చెబుతాను. మిషన్ చేసింది కాబట్టి నమ్మేవాళ్లు కొందరు. వాళ్ల సంగతి ఫర్వాలేదు, ఎప్పుడో ఒకప్పుడు రెడ్డిగారిలాగా ఎదురు ప్రశ్న వేస్తారు. మీరు చేశారు కాబట్టి నమ్మేవాళ్లు ఇంకొందరు. అది తప్పని తెలిసినా వాళ్లు నోరు విప్పరు, ఆ తప్పును తమ నెత్తిన వేసుకుంటారు. వాళ్లు మీ లెక్కను ఎన్నటికీ సరిచూడరు. ఆ పని మీరే చెయ్యాలి.